ఆపరేషన్ సీలు అక్కయ్య

కళ్ళ డాక్టరు గది గోడమీద అక్షరాల చార్టు వేలాడుతోంది. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. కుర్చీలో కూర్చున్న సన్నటి మనిషి ఎడమ కన్ను మూసుకుని మొదటి వరుస చదివాడు. నాలుగో వరుస దాకా ఒక్క తప్పు లేదు.

"భేష్. ఇంకా కిందికి రండి," అన్నాడు డాక్టరు.

ఆ మనిషి నాలుక మడతపడింది. అయిదు నిమిషాల క్రితం అసిస్టెంటు వేసిన చుక్కల మందు ఇప్పుడు కళ్ళలో కాదు, మెడ నరాల్లో మండుతోంది. అతనికి సంగతి అర్థమైంది. అరిచి లాభం లేదు. ఆ అసిస్టెంటు తలుపు అవతలే ఉంది.

"ప... ది... హే... ను..." కుర్చీ చేతిని బిగించి పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. "సీ... లు..."

చార్టులో అయిదో వరుసలో ఆ అక్షరాలు ఒక్కటీ లేవు. డాక్టరు నిట్టూర్చి, అతను చెప్పినవి చెప్పినట్టే కార్డు మీద రాసి, పక్కన 'చూపు దారుణం' అని చేర్చాడు. తలెత్తి చూసేసరికి ఆ మనిషి మెడ వాలిపోయి ఉంది. అసిస్టెంటు కోసం కేకేశాడు. పొద్దున్నే కొత్తగా పనిలో చేరిన ఆ అమ్మాయి అప్పటికే వీధి మలుపు దాటిపోయింది.

ఆ రోజు పదమూడో తారీఖు.

*

మధ్యాహ్నానికల్లా ఆ కార్డు మాస్టారి బల్ల మీద ఉంది. ప్రభుత్వ రహస్య విభాగానికి ఆయన అధిపతి. ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఆయన ఆఫీసు గొడుగులు బాగుచేసే దుకాణం వెనక గదిలో ఉండేది.

"కూర్చో నత్తా," అన్నారు మాస్టారు.

నత్త అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు ఇనప్పెట్టెలో ఉంది. పదమూడేళ్ళ సర్వీసులో ఏ పనీ తొందరపడి చేయలేదని తోటి ఏజెంట్లు పెట్టిన పేరది. అతను కూర్చున్నాడు. కార్డు చదివాడు. చనిపోయినవాడు ఇదే విభాగం ఏజెంటు, అతనికి స్నేహితుడు.

"ఆసుపత్రులకు ఆక్సిజన్ వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది," అన్నారు మాస్టారు. "మంచి పేరున్న కంపెనీ. పదిహేనో తారీఖు మధ్యాహ్నం పన్నెండింటికి అక్కణ్ణుంచి ఒక స్పెషల్ లాట్ బయల్దేరుతుంది. అరవై పెద్దాసుపత్రులు. సాయంత్రానికల్లా ఐసీయూల్లో బిగించేస్తారు. ఒక్కో వాల్వులో గోరంత రేడియో రిసీవర్ ఉందని మన అనుమానం. సరిహద్దు అవతల ఎవడో బటన్ నొక్కితే అన్నీ ఒక్కసారే మూసుకుంటాయి."

"సోదా చెయ్యొచ్చు కద సార్?"

"చేశాం. పది వాల్వులు విప్పాం. ఏమీ దొరకలేదు. కోర్టు మనకు చీవాట్లు పెట్టింది. ఈసారి సాక్ష్యం చేతిలో ఉంటేనే గేటు దాటగలం. ఒక్క వాల్వు చాలు."

"సీలు అంటే?"

"ఆ ఫ్యాక్టరీలో ఆఖరి ముద్ర వేసేది ఒకావిడ. సీలు అక్కయ్య అంటారు. ఆమె సీసపు సీలు లేని వాల్వును ఏ ఆసుపత్రీ ముట్టుకోదు. మనవాడు ఆమె దాకా వెళ్ళాడు. ఆమెను మనవైపు తిప్పుకోవడం కుదరలేదని రాశాడు. యజమాని అంటే ప్రాణం పెడుతుందిట."

మాస్టారు బల్ల సొరుగులోంచి మూడు వస్తువులు తీశారు. చేతి గడియారం: దగ్గర్లో అలాంటి వాల్వు రిసీవర్ ఉంటే ముంజేతి మీద సన్నగా వణుకుతుంది. ఇంకు పెన్ను: అందులో మైకు. చెవిటి మిషన్: ఆ పెన్ను దగ్గర ఎవరేం మాట్లాడినా అందులో వినిపిస్తుంది.

"ఆ ఫ్యాక్టరీకి వచ్చే విదేశీ కొనుగోలుదారు పక్కన ఒక దుబాసి ఉంటుంది. వాళ్ళ మాట మన భాషలోకి మార్చేది. రెండేళ్ళుగా మనకు వార్తలు పంపుతోంది. కోడ్ మాట: 'ఇక్కడి గడియారాలన్నీ ముందున్నాయి.' జవాబు: 'మా ఇంట్లోవి వెనక్కున్నాయి, సరిపోతుంది.'"

"సార్, నాకు భయంగా ఉంది."

"అందుకే నిన్ను పంపుతున్నా నాయనా. భయం లేనివాడు ఇవాళ మార్చురీలో ఉన్నాడు." మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దొరికిపోతే మాత్రం నువ్వెవరో మాకు తెలీదు. ఇది ప్రతిసారీ చెప్పేదే."

నత్త తలూపాడు. పదమూడేళ్ళుగా ఆ మాట వింటూనే ఉన్నాడు. లేచి మూడు వస్తువులూ జేబుల్లో సర్దుకున్నాడు.

*

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర నెరిసిన జుట్టు, చెవిటి మిషన్, కుడికాలి కుంటుతో ఒక మనిషి రిక్షా దిగాడు. గాలి కొలిచే గేజీల తనిఖీ ఉద్యోగినన్నాడు. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. లోపలికి పంపారు.

సీలు అక్కయ్య గది హాలు చివర ఉంది. బల్ల, స్టూలు, గాలి గొట్టం, సీసపు బిళ్ళల డబ్బా, ముద్ర కొట్టే ఇత్తడి పంచి. బల్ల మీద ఒక గుండ్రటి గేజీ. గోడకు ఎర్ర హ్యాండిలు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. వాల్వును గొట్టానికి తగిలించి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అదేంటండీ, వింటున్నారు?" అన్నాడు నత్త.

"ఊపిరి. సాఫీగా ఉంటే పట్టుగుడ్డ చింపినట్టుంటుంది. అడ్డముంటే పిల్లి గుర్రు పెట్టినట్టుంటుంది." కళ్ళు తెరిచింది. "నీకెలాగూ వినపడదు. ఆ స్టూలు మీద కూచో బాబూ, కుంటికాలితో నిలబడ్డావు."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె అక్కడ అదే పని చేస్తోంది. యజమానితో సహా అందరూ ఆమెను అక్కయ్యా అనే పిలిచేవారు. బల్ల మీది గేజీ హాలు అవతలి పరీక్షగదిదని ఆమే చెప్పింది. గాలి చొరబడని ఇనుపగది. అందులో నైట్రోజన్ నింపి ఆక్సిజన్ తగ్గిస్తూ వాల్వులు పరీక్షిస్తారు. ఆక్సిజన్ నూటికి ఇరవై ఒకటి ఉంటే మామూలు గాలి. పదికి దిగితే మనిషి కూలబడతాడు. ఆరు దగ్గర ఎర్రగీత.

"ఆరు తర్వాత?" అడిగాడు నత్త.

"ఆరు తర్వాత ఏముంటుంది బాబూ!"

పన్నెండింటికి వరండాలో దుబాసి ఎదురైంది. పొడగరి. చూసినవాళ్ళు ఇంకోసారి చూసే అందం. చేతులకు పచ్చరంగు తొడుగులు. పక్కన లావుపాటి విదేశీయుడు అందరికీ నవ్వులు పంచుతున్నాడు.

"ఇక్కడి గడియారాలన్నీ ముందున్నాయి," గొణిగాడు నత్త.

"మా ఇంట్లోవి వెనక్కున్నాయి, సరిపోతుంది." ఆమె పెదాలు కదలకుండానే మాట్లాడింది. "స్పెషల్ లాట్ యజమాని గది పక్క స్టోర్లో ఉంది. తాళం. రేపు పదకొండున్నరకు గానీ బయటికి తీయరు. ముసలామెను కదిలించు. వేరే దారి లేదు."

స్టోరు తలుపు పక్కనుంచి వెళుతుంటే నత్త గడియారం వణికింది. ఆగకుండా వణికింది.

భోజనాల వేళ అక్కయ్య తన డబ్బాలోంచి సగం తీసి అతని ముందు పెట్టింది. నత్త తన పెన్ను ఆమెకిచ్చాడు. "మీ రిజిస్టర్లో రాసుకోడానికి బాగుంటుందండీ. మా ఆఫీసులో ఊరికే ఇస్తారు." ఆమె మురిసిపోయి దాన్ని బల్ల మీద పెట్టుకుంది.

"మీ ఓనరు గారంటే మీకు చాలా గౌరవమట."

"గౌరవం కాదు." ఆమె చేతిలోని ముద్ద డబ్బాలో పెట్టేసింది. "నా తమ్ముడు ఇక్కడే పనిచేసేవాడు. ఆ పరీక్షగదిలో ఇరుక్కున్నాడు. బయటికి తీసేసరికి నీలంగా ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో పన్నెండు రోజులు కూచున్నా. ఆయనా నా పక్కనే బెంచీ మీద కూచున్నాడు. ఓనరు! ఫ్యాక్టరీ వదిలేసి! నా తమ్ముడికి గాలి అందించిన వాల్వు మీద నా సీలే ఉంది. బతికాడు. తిరిగొచ్చాక ఆయన చేసిన మొదటి పని ఆ ఎర్ర హ్యాండిలు పెట్టించడం. లాగితే గ్యాసు లైన్లన్నీ మూసుకుని, తలుపులన్నీ తెరుచుకుంటాయి. 'ఇది నీ చేతిలో ఉంటుంది అక్కయ్యా, నన్నడగక్కర్లేదు' అన్నాడు. అలాంటి మనిషి కోసం నేనేం చెయ్యనో చెప్పు."

ఇంత దాకా వచ్చాక దాచి లాభం లేదని నత్తకు అనిపించింది. గొంతు తగ్గించి, వాల్వుల సంగతి, రిసీవర్ల సంగతి, బటన్ సంగతి చెప్పేశాడు. తన పేరు తప్ప అన్నీ చెప్పాడు.

అక్కయ్య కదలకుండా వింది. డబ్బా మూత పెట్టింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, "రేపు పొద్దున చెబుతా," అంది.

అతను వెళ్ళిన పావుగంటకు ఆమె యజమాని గది తలుపు తట్టింది.

*

పదిహేనో తారీఖు పదకొండింటికి నత్త గేటు దాటాడు. వరండాలో దుబాసి నవ్వుతూ ఎదురొచ్చింది. ఇద్దరు గార్డులు వెనకనుంచి అతని చేతులు విరిచి పట్టుకున్నారు. ఆమె తొడుగులు తీసి, అతని ముంజేతి మీది గడియారం విప్పసాగింది. ఆమె బొటనవేలు మీద చుక్కల మందు కాల్చిన పసుపు మచ్చ ఉంది.

నత్త చూపు ఆ మచ్చ మీద ఆగింది. "కళ్ళ డాక్టరు దగ్గర..."

"పాపం, మంచి మనిషి. చుక్కలేసినందుకు థాంక్స్ కూడా చెప్పాడు." ఆమె గడియారాన్ని జేబులో వేసుకుంది. "అలా చూడకు. నాకు ఇద్దరు యజమానులు. ఇద్దరూ నేను నమ్మకస్తురాలిననే అనుకుంటున్నారు. ఒక్కడూ నువ్వు తిన్నావా అని అడగలేదు."

పరీక్షగది దగ్గర యజమాని నిలబడి ఉన్నాడు. చక్కగా దువ్విన తెల్లజుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా. అతని మొహంలో కోపం లేదు, అలసట ఉంది. అదే నత్తను ఎక్కువ భయపెట్టింది.

"నిన్ను అక్కయ్యే పట్టిచ్చింది. నిన్ననే వచ్చి అంతా చెప్పింది," అన్నాడు యజమాని. "పోలీసులకు అప్పగిస్తానని ఆమెతో చెప్పాను." గార్డుల వైపు తిరిగాడు. "ఆమెకు మాత్రం ఈ గది సంగతి తెలియనివ్వకండి."

"సార్, అరవై ఆసుపత్రులు..."

"నాలుగొందల మంది పొయ్యి వెలగాలయ్యా నాకు. బటన్ నొక్కరు. బెదిరిస్తారంతే. వాళ్ళు మాటిచ్చారు."

తలుపు మూసుకుంది. చక్రం తిరిగి గడియ పడింది. పైనుంచి గ్యాసు సన్నగా బుసకొట్టింది.

గోడ మీది గేజీ ఇరవై ఒకటి దగ్గర కదిలింది. ఇరవై. పంతొమ్మిది. నత్త తలుపు తన్నాడు, అరిచాడు. మందపాటి గాజు అవతల ఒక పెదవి కూడా కదలలేదు. ఊపిరి ఆడుతూనే ఉంది. గొంతు పట్టేయలేదు, దగ్గు రాలేదు. భయంకరమైన సంగతి అదే. చస్తున్నట్టు ఒంటికి తెలియడం లేదు. పద్నాలుగు. పెదాలు మొద్దుబారాయి. ఎందుకో నవ్వొచ్చింది. తన నవ్వు విని అతనికి ఏడుపొచ్చింది.

చెవిటి మిషన్‌ను ఎవరూ తీయలేదు. అందులో గరగరమని ఒక గొంతు వినపడింది.

"ఈ నాలుగు పెట్టెలే అక్కయ్యా. లారీ సిద్ధంగా ఉంది. గబగబా సీళ్ళు వేసెయ్." యజమాని గొంతు.

"అలాగే సార్. ఒక్కోటీ విని..."

"వినడానికి టైము లేదు. నేను చూశాలే. వేసెయ్."

పంచి బల్ల మీద పెట్టిన చప్పుడు. నత్త గాజుకు చెంప ఆనించి నిలబడ్డాడు. పన్నెండు.

"సార్, ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ మాట మీ నోట ఎప్పుడూ వినలేదు."

"నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది సార్. వాల్వు మీదే ఇంకా కుదరలేదు. ఒక్కటి విననివ్వండి."

గాలి గొట్టం తెరుచుకున్న శబ్దం. నత్తకు తన గుండె ఎక్కడో పక్కగదిలో కొట్టుకుంటున్నట్టుంది. తొమ్మిది.

"దీని లోపల ఏదో ఉంది సార్." గాలి గొట్టం ఆగింది. "గుర్రుగుర్రుమంటోంది."

"అక్కయ్యా, నా మాట విను..."

"నిన్న నేనెందుకొచ్చి చెప్పానో తెలుసా? ఇన్నేళ్ళు పనిచేసిన చోట, మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా బయటివాణ్ణి నమ్మితే నేను మనిషినేనా అని. అబద్ధం అన్నారు. నమ్మాను. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను కూడా." స్టూలు జరిగింది. "పరీక్షగదిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. రిపేరు."

"రిపేరైతే సూది ఆగాలి. ఇది దిగుతోంది. నేను చెప్పిన ఆ కుంటి మనిషి ఏడీ సార్?"

ఎనిమిది.

"సార్. ఆ మనిషేడీ?"

"కదలకు." ఈసారి దుబాసి గొంతు. పిస్తోలు గడియ లాగిన టక్కుమన్న చప్పుడు చెవిలో స్పష్టంగా పడింది. "సీళ్ళు వెయ్యి. ఒకటి తర్వాత ఒకటి. చెయ్యి ఆ గోడవైపు వెళ్ళిందా, కాల్చేస్తా."

ఏడు. నత్త కళ్ళ ముందు నల్లటి చుక్కలు ముసురుకున్నాయి. గేజీ రెండుగా కనబడుతోంది. ఆమె ఏం చేస్తుందో చూడాలనుంది. గాజు మీద తన ఊపిరి ఆవిరి తప్ప ఏమీ కనబడలేదు.

హాలు చివర తన గదిలో అక్కయ్య పంచిని ముట్టుకోలేదు. పిస్తోలు వైపు చూడలేదు ఆమె, యజమాని వైపు చూసింది.

"ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన కూచున్నది మీరే కదా సార్?"

యజమాని తల దించుకున్నాడు.

"నాకు చాలా భయంగా ఉంది సార్. ఆ అమ్మాయి కాలిస్తే చచ్చిపోతాను. అయినా ఈ హ్యాండిలుకు మిమ్మల్ని అడగక్కర్లేదన్నారు కదా."

ఆమె గోడవైపు పడిపోయినట్టుగా వాలింది. దుబాసి వేలు బిగిసింది. ఆ క్షణాన యజమాని చెయ్యి అడ్డంగా లేచింది. అక్కయ్య మీద ప్రేమతో లేచిందో, ఫ్యాక్టరీలో చప్పుడు కాకూడదని లేచిందో ఆయనే తర్వాత కోర్టులో చెప్పలేకపోయాడు. గుండు పైకప్పుకు తగిలింది. అక్కయ్య రెండు చేతులతో హ్యాండిలుకు వేలాడింది.

గేజీ సూది ఎర్రగీతను ముట్టుకుని ఆగింది.

గ్యాసు బుస ఆగిపోయింది. పరీక్షగది తలుపు తనంతట తానే తెరుచుకుంది. నత్త ముందుకు బోర్లాపడ్డాడు. మెషిన్లన్నీ ఒక్కసారే ఆగాయి. సైరన్ మోగింది. నాలుగొందల మంది పని వదిలి, సైరన్ మోగితే ఏం చెయ్యాలో నేర్పినట్టే, అక్కయ్య గదివైపు నడిచి వచ్చారు. ఎవరూ అరవలేదు. గుమ్మం నిండా నిలబడి, ఆమె చేతిలోని వాల్వు వైపు, యజమాని వైపు చూశారు.

దుబాసి వాళ్ళను ఒకసారి చూసింది. మనసులో ఏదో లెక్క వేసుకుంది. పిస్తోలు యజమాని వైపు తిప్పింది.

"ప్రభుత్వం తరఫున మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను," అంది ఖంగున.

ఇద్దరు కార్మికుల భుజాల మీద వేలాడుతూ నత్త అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"ఆవిణ్ణి కూడా," అన్నాడు.

పన్నెండు కొట్టేసరికి గేటు దగ్గర లారీ ఖాళీగా ఉంది. అక్కయ్య విన్న వాల్వును మాస్టారి మనుషులు ఆమె బల్ల మీదే విప్పారు. గోరంత రిసీవర్ దొరికింది. లావుపాటి విదేశీయుడు బాత్‌రూమ్ కిటికీలో సగం దూరి దొరికాడు. అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

అక్కయ్య స్టూలు మీద కూర్చుని నత్త చేతిని వదల్లేదు. "నేనే చెప్పాను బాబూ. నేనే వెళ్ళి నీ సంగతి చెప్పాను. నిన్ను చంపబోయింది నేనే." నత్త ఏదో ఓదార్పు మాట చెబుదామనుకున్నాడు. చివరికి రెండో చెయ్యి కూడా ఆమె చేతి మీద పెట్టాడు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

మాస్టారు ఫోనులో ఒకే మాట అడిగారు: "ఏమైనా తిన్నావా నాయనా?" పదమూడేళ్ళలో అది మొదటిసారి.

*

నాలుగు నెలల తర్వాత ఒక శుక్రవారం ఉదయం, కేసు కాగితాల మీద సంతకం కోసం నత్త జైలుకు వెళ్ళాడు. ములాఖత్ వరుసలో ఒళ్ళో టిఫిన్ డబ్బాతో సీలు అక్కయ్య కూర్చుని ఉంది. ఫ్యాక్టరీని ఇప్పుడు ప్రభుత్వం నడుపుతోంది. సీలు ఇంకా ఆమెదే.

"ఓనరు గారిని చూడ్డానికా అక్కయ్యా?" ఆశ్చర్యపోయాడు నత్త.

"ప్రతి శుక్రవారం వస్తా. సెలవు పెట్టుకుని మరీ."

"కోపం రాలేదా మీకు?"

"రాకేం? బోలెడుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన్ను ఒక్క మాట అనలేదు నేను. అనాల్సినవన్నీ అలాగే మిగిలిపోయాయి. వారానికో గంట చొప్పున అంటున్నా. ముందు కడుపునిండా తిననిస్తాలే."

లోపల్నుంచి పిలుపు వచ్చింది. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని, డబ్బా పట్టుకుని ధాటిగా నడిచి వెళ్ళింది.

వార్డరు నత్త చెవి దగ్గర వంగి గుసగుసలాడాడు. "ఏం చెప్పమంటారండీ, పదేళ్ళ శిక్ష పడ్డప్పుడు కూడా ఆ పెద్దమనిషి చలించలేదు. శుక్రవారం వస్తే మాత్రం పొద్దున్నుంచే వణుకుతాడు."